కొన్న ధర సున్నా

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీయడం నా పని. మగ్గం మీద కూర్చునేది మా ఆయన. అంచులో హంస ఎటు తిరగాలో, కొంగులో మామిడిపిందె ఎంత వంగాలో ముందు గడుల కాగితం మీద గీసేదాన్ని, ఇప్పుడు కంప్యూటర్లో గీస్తున్నాను. ఆ బొమ్మను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే ఏ పోగు లేవాలో, ఏది కింద ఉండాలో మగ్గానికి తెలుస్తుంది.

మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. అందుకని చిన్నప్పటి నుంచీ పిలిచినట్టే ఇప్పటికీ ఆయన్ని మామా అంటాను. ఆయన తల్లి, అంటే మా అవ్వ, నాకు అత్త కూడా. ఈ వరసలో ఒక సుఖముంది. నా పుట్టింటిని దెప్పిపొడవడానికి అత్తకు వీల్లేదు. అది ఆమె కూతురి ఇల్లే.

కరోనా ఏడాది మగ్గాలు నిలిచిపోయాయి. పట్టు రాలేదు, నేసిన చీరలు షావుకార్ల బీరువాల్లోంచి కదల్లేదు. చీరే లేనప్పుడు డిజైను ఎవడికి కావాలి? చేయి ఊరికే ఉండలేక నా పాత బొమ్మలు కొన్ని, బొమ్మలు అమ్ముకునే ఒక వెబ్‌సైటులో పెట్టాను. చాలా రోజులు ఎవరూ పలకలేదు. తరువాత పరదాల మీదికీ, దిండుగలీబుల మీదికీ బొమ్మలు వేయించుకునే ఒకామె పరదేశం నుంచి రాసింది. నా చిలకల అంచు ఆమెకు నచ్చిందట. అలాంటివే కొత్తవి, ఎక్కడా అమ్మనివి, ఒక వరస మొత్తం గీసిస్తావా అని అడిగింది. గీస్తానన్నాను. అయితే బ్యాంకులో పంపితే సగం ఖర్చులకే పోతుందనీ, క్రిప్టో కాయిన్లలో ఇస్తాననీ అంది.

ఆ మాట నేను వార్తల్లో విన్నానే గాని, దాంతో పని పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. రాత్రి అన్నాల దగ్గర మామతో చెప్పాను.

"అంటే దుడ్లేనా?" అన్నాడు.

"దుడ్లు కాదు. దుడ్ల మాదిరి."

"బంగారా?"

"కాదు."

"షేర్లా?"

"అదీ కాదు మామా."

"ఇన్ని కానిది ఒకటుంటే దాన్ని మన ఊర్లో మోసమంటారు" అని సంగటి ముద్ద తుంచుకున్నాడు.

అయినా ఒప్పుకున్నాను. చేతిలో వేరే పని లేదు, ఆమె రాతలో మర్యాద కనిపించింది. పాన్ కార్డు ఇచ్చి, కాయిన్లు కొనే అమ్మే ఒక చోట ఖాతా తెరిచాను. వసంతం వచ్చేలోగా బొమ్మలన్నీ పంపాను. మాట ప్రకారం ఆమె కాయిన్లు పంపింది. ఫోన్లో ఒక అంకె వచ్చి కూర్చుంది. అది ఒక పూట ఉన్నట్టు ఇంకో పూట ఉండేది కాదు.

అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ అంకెను చూసింది.

"ఇది యాడుండాదే?"

"ఫోన్లో కనిపిస్తాది అవ్వా."

"కనిపించేది ఆడ. ఉండేది యాడ?"

ఫోన్ తీసుకుపోయి ఛార్జింగుకు పెట్టాను.

ఆ తరువాత కాయిన్ల ధర పెరగడం మొదలుపెట్టింది. మోసమన్న మామే పొద్దున లేచి నా ఫోన్ అడిగేవాడు. అప్పుడప్పుడే మళ్ళీ కదిలిన మగ్గం మీద పోగు తెగి, ముడేసుకోవడానికి లేచినప్పుడల్లా అటొకసారి తొంగిచూసి పోయేవాడు. "ఈ పొద్దు లేసింది మే", "ఈ పొద్దు రవంత పడింది మే" అని వానాకాలంలో రైతు మబ్బును గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఆదాయపు పన్ను రిటర్ను వేసే కాలం వచ్చింది. మా లెక్కలు చూసేది జరీ అంగడి మేడమీద ఉండే ఒక పెద్దాయన. జీవితమంతా షావుకార్ల పట్టు లెక్కలు చూసి చూసి, కొత్తగా ఏదీ రాదని ఎప్పుడూ విసుక్కునే మనిషి. నేను సంగతి చెప్పగానే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. రెండు టీలు తెమ్మని కిందికి కేక వేశాడు. ఆ సంతోషంలో రెండూ ఆయనే తాగేశాడు.

"దీన్ని ఏమనల్లో చట్టంలో యాడా రాయల్యామ్మా" అన్నాడు, అదేదో పండగ కబురైనట్టు.

"మరి ఏం చేద్దాం సార్?"

"నువ్వు పనిచేసి తెచ్చుకున్నావు కాబట్టి అది ఆదాయమని ఒకరంటారు. కాదు, అది స్థలం మాదిరి ఆస్తి, అమ్మిన రోజే లెక్క అని ఇంకొకరంటారు. రెండూ కాదు, లాటరీ అనేటోళ్ళు కూడా ఉండారు. ముగ్గురిదీ తప్పని చెప్పేదానికి లేదు."

"మీరేమంటారు?"

"నేనైతే ఇంకో టీ తాగల్లంటాను."

ఊర్లో ఎవర్ని అడిగినా ఒకటే మాట: గమ్మునుండు. మా షావుకారు గమ్మునుండమన్నాడు. పక్కింటామె గమ్మునుండమంది. బస్టాండు దగ్గర లెక్కలు చూసే ఇంకొకాయన, "చట్టానికే తెలీని సొత్తును నువ్వెందుకు చూపిస్తావమ్మా? గమ్మునుంటే ఎవరడగొచ్చినారు?" అన్నాడు. మామకు ఆ సలహా శానా నచ్చింది.

నాకు మాత్రం గమ్మున ఉండడం చాతకాలేదు. కుట్టు వదిలిన జాకెట్టు తొడుక్కుని పెళ్ళికి పోయినట్టుండేది. ఎవరికీ కనబడకపోయినా చేయి పైకెత్తలేం. అడిగితే పోయేదేముందని ఒకరోజు మామను లాక్కుని అనంతపురం బస్సెక్కాను. పన్నుల ఆఫీసులో చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాక ఒక అధికారి దగ్గరికి పంపారు. కోస్తా వైపు మనిషి, నా ఈడువాడే. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. పేపరు మీద ఏదో రాసుకున్నాడు, కొట్టేశాడు.

"చూడండి మేడమ్, నిజం చెప్పాలంటే దీని గురించి పైనుంచి మాకింకా ఏమీ రాలేదండి."

మామ ముందుకు జరిగాడు. "అంటే కట్టల్నా, వద్దా సార్?"

"కట్టొద్దని నేను చెప్పలేనండి."

"అట్లైతే ఎంత కట్టల్ల?"

"అది కూడా చెప్పలేనండి." ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "ఇక్కడిదాకా వచ్చి పన్ను కట్టాలా అని అడిగినవాళ్ళు అరుదండి. మంచినీళ్ళు తాగుతారా?"

తాగి బయటికొచ్చాం. ఎదురుగా ఉన్న హోటల్లో ఉగ్గాని బజ్జీ తింటుంటే మామకు నవ్వు ఆగలేదు. "సర్కారుకే తెలీనిది చెప్పమని సర్కారు కాడికే బస్సెక్కొచ్చినాం గదే. పాపం, ఆయప్ప నీళ్ళిచ్చి పంపించినాడు." నాకూ నవ్వొచ్చింది. మిరపకాయ బజ్జీ గొంతుకు అడ్డం పడింది.

ఇంటికొచ్చాక ఆ సంగతి మళ్ళీ రేగింది. మామ గమ్మునుందామనే పట్టులో ఉన్నాడు. నేను ఎటూ తేల్చుకోలేక ఉన్నాను. అప్పటిదాకా శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్న అవ్వ నోరు విప్పింది.

అవ్వది వజ్రకరూరు పక్కన ఒక పల్లె. తొలకరి వాన పడగానే ఆ పొలాల్లో ఆడా మగా తలలు వంచుకుని రాళ్ళు వెతుకుతారని మాకందరికీ తెలుసు. కానీ వాళ్ళ నాయనకు నిజంగా ఒక రాయి దొరికిందని ఆమె ఏనాడూ చెప్పలేదు.

"అది వజ్రమో కాదో నాకు తెలీదు" అంది. "ఒకాయప్ప వచ్చి చూసినాడు, చూసి ఏమీ మాట్లాడకుండా ఎద్దుల జత కొనేంత దుడ్లిచ్చి తీసుకుపోయినాడు. మా నాయన ఎద్దులు కొన్నాడు. సంబరపడల్ల కదా? పడల్యా. ఎద్దులు యాడివిరా అని ఎవరన్నా అడిగితే మామగారు ఇచ్చినాడనేటోడు. రాత్రి ఎవరన్నా తలుపు కొడితే లేసి కూసుండేటోడు. సచ్చేదాకా అట్లనే భయపడినాడు. ఆ ఎద్దులు రెండూ ముందే సచ్చిపోయినాయి, మా నాయన భయం మాత్రం పోలా."

"అయితే ఏం చేయమంటావవ్వా?"

"చెప్పేసేయి. ఇంత కడితే పాయె. కడుపులో పెట్టుకోని తిరిగేదానికి అదేమన్నా బిడ్డా?"

వాళ్ళమ్మ తేల్చేసిన దాన్ని మళ్ళీ తిరగదోడే ధైర్యం మామకు ఎప్పుడూ లేదు.

మరునాడు పెద్దాయనకు చెప్పాను. కాయిన్లు నా చేతికొచ్చిన రోజున వాటి ధర ఎంతో చూసి, అంత మొత్తం నేను డిజైన్ల మీద సంపాదించిన ఆదాయమని ఆయన రిటర్నులో చూపించాడు. ఆ రోజు ధరైనా ఒకటి కాదు. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంది. ఆయన మూడు చోట్ల ధరలు తీసి సగటు కట్టాడు. పన్ను కట్టేశాను. ఆ వారం నాకు ఒళ్ళు తేలికపడినట్టయింది. జాకెట్టు కుట్టు వేసుకున్నట్టే.

తరువాతి ఫిబ్రవరిలో బడ్జెట్ రోజున నేను కంప్యూటర్ ముందున్నాను. ఫోన్ మోగింది. పెద్దాయన గొంతు వణుకుతోంది. ఏదో చెడు కబురేమోనని లేచి నిలబడ్డాను.

"పేరు పెట్టినారమ్మా!" అన్నాడు.

"ఎవరికి సార్?"

"నీ కాయిన్లకి! వర్చువల్ డిజిటల్ ఆస్తి అన్నారు. అమ్మితే వచ్చిన లాభం మీద ముప్పై శాతం. కొన్న ధర ఒక్కటే తీసేస్తారు, ఇంకే ఖర్చులూ పనికిరావు. వచ్చే ఏప్రిల్ నుంచి."

మగ్గం మీది నుంచే మామ అడిగాడు. చెప్పాను. "నామకరణం అయిందో లేదో అప్పుడే చదివింపులు అడుగుతాండారే" అన్నాడు.

"నష్టమొస్తే?" అని నేను ఫోన్లో అడిగాను.

"అది మనదే. ఇంకో లాభంలో తీసేసుకునేదానికి లేదు. లాభమొస్తే సర్కారు భాగస్తుడు, నష్టమొస్తే నువ్వొక్కదానివే" అని పెద్దాయన హాయిగా నవ్వాడు. అంత కఠినమైన చట్టాన్ని అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కాయిన్లను ఎవరికైనా ఊరికే ఇచ్చినా తీసుకున్నవాళ్ళు పన్ను కట్టాలని ఆ చట్టంలో ఉందట, దగ్గరి బంధువులకు తప్ప. ఇది విని అవ్వ, "అయితే నాకిచ్చేయి, నేను బంధువునే కదా" అంది. ఆమె నాకు అవ్వగా బంధువా, అత్తగా బంధువా అని పెద్దాయనను అడిగాను. ఆయన పుస్తకం తీసి చూసి, రెండు విధాలా బంధువేనని తేల్చాడు. "నీ ఇంట్లో ఈ ఒక్క సంగతిలోనే అనుమానం లేదమ్మా" అన్నాడు.

పేరు పెట్టిన ముహూర్తం ఎలాంటిదో గాని ఆ ఏడాది ధర పడిపోవడం మొదలైంది. మామ నా ఫోన్ అడగడం మానేశాడు. నేనే ఒకసారి చెప్పబోతే, "కరువు సీమలో పుట్టినోనికి మబ్బు పోయిందని చెప్పల్నా?" అన్నాడు. మేం ఆ కాయిన్లను మరిచిపోయాం. మగ్గాలన్నీ మళ్ళీ జోరుగా ఆడాయి, పెళ్ళిళ్ళు జరిగాయి, చీరలు కదిలాయి. చిలకల అంచు నేనే మా షావుకారుకు మార్చి గీసిచ్చాను, బాగానే పోయింది.

రెండేళ్ళు గడిచాక అనుకోకుండా ధర లేచింది. అదే సమయానికి మా పాత జాకార్డు పెట్టె, అదే అట్టలు తిరిగే పెట్టె, అరిగిపోయి పోగులు తప్పుడు ఎత్తడం మొదలుపెట్టింది. చిలక మెడ దగ్గర ప్రతిసారీ ఒక గీత పడేది. అట్టలతో పనిలేకుండా కంప్యూటర్ నుంచే నడిచే కొత్త రకం పెట్టె కొనాలని ఎప్పటి నుంచో మామ కోరిక. కాయిన్లు సగం అమ్మేశాం. అమ్మేటప్పుడే పన్ను కింద ఒక శాతం పట్టుకున్నారు. మిగతాది బ్యాంకులో పడింది.

పెద్దాయన ఆ ఏడాది రిటర్నులో ఈ అమ్మకం చూపించాడు. కొన్న ధర అని ఉన్న చోట, మొదటి ఏడాది మేం ఆదాయంగా చూపించి పన్ను కట్టిన మొత్తంలో సగం రాశాడు. దాని మీద వచ్చిన లాభానికి ముప్పై శాతం కట్టాం. అంతటితో అయిపోయిందనుకున్నాం.

కొన్ని నెలలకు షావుకారు అంగట్లో జరీ రంగులు చూస్తుంటే ఫోన్‌కు సందేశం వచ్చింది. ఆదాయపు పన్ను శాఖ నోటీసు. జరీ కండె చేతిలో ఉండగానే లేచాను. నేరుగా పెద్దాయన మేడ ఎక్కాను. ఆయన నోటీసు తెరిచి చదివాడు.

"ఏమంటాండారు సార్?"

"నువ్వు ఆ కాయిన్లు దుడ్లిచ్చి కొనల్యా కాబట్టి కొన్న ధర సున్నా అంటాండారు. అమ్మినదంతా లాభమేనంట. మొత్తం మీద ముప్పై శాతం కట్టల్లంట."

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. "సున్నానా? ఊరికే వచ్చినాయా నాకు? కళ్ళు పోయేట్టు గీసినాను. దాని మీద పన్ను కూడా కట్టినాను కదా!"

"ఆ మాటే రాద్దాం" అన్నాడు. "కానీ చట్టంలో దీన్ని గురించి ఒక్క ముక్క లేదమ్మా. కొన్నోళ్ళ సంగతి రాసినారు. కూలిగా తెచ్చుకున్నోళ్ళ సంగతి మర్సిపోయినారు. వాళ్ళు చెప్పిందీ చదువుకోవచ్చు, మనం చెప్పిందీ చదువుకోవచ్చు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు మళ్ళీ మెరిశాయి. నాకు మాత్రం అప్పుడు ఆ మెరుపు అంతగా నచ్చలేదు.

సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. గమ్మునుండమని చెప్పినవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. పక్కింటామె నన్ను చూసి ఎవరో పోయినట్టు నిట్టూర్చింది. ఇంటికి ఎవరొచ్చి చూస్తారో అని మామ నా కంప్యూటర్ మీద పంచె కప్పాడు. నోటీసు ఫోన్లోకి వచ్చిందనీ, కంప్యూటర్‌ను దాస్తే పోదనీ చెప్పినా వినలేదు. పంచె కప్పిన కంప్యూటర్ పెళ్ళికూతురిలా కూర్చుంది. దాన్ని చూసి చూసి రెండో రోజుకు నాకే నవ్వొచ్చి పంచె తీసేశాను.

పెద్దాయన చాంతాడంత జవాబు రాశాడు. ఫోన్ వీడియోలో మాట్లాడే అవకాశం కావాలని చివర్లో అడిగాడు. ఇప్పుడు ఏ ఊరి అధికారి ఏ ఊరి లెక్కలు చూస్తారో మనకు తెలియదు, ముఖాలు కనబడవు. అవకాశం ఇచ్చారు.

మాట్లాడాల్సిన రోజున ఆయన నల్లకోటు వేసుకుని కూర్చున్నాడు. బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్న కోటు, గదంతా కలరా ఉండల వాసన. నేను గడుల కాగితాల మీది పాత గీతలు కొన్ని, చిలకల అంచు నేసిన చీర ఒకటి తీసుకుపోయాను. ఎందుకో తెలియదు, చేతిలో ఏదో ఒకటి ఉంటే ధైర్యమనిపించింది. మామ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

అవతల గొంతు మాత్రమే వినిపించింది. ఒక ఆడమనిషి, హిందీలో మాట్లాడింది. నా హిందీ జరీ వ్యాపారుల దగ్గర నేర్చుకున్న అంగడి హిందీ, సగం ఉర్దూ. అయినా ఇద్దరికీ అర్థమయింది.

"ఈ కాయిన్లు మీరు కొన్నారా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"వీటి కోసం ఎవరికైనా డబ్బిచ్చారా?"

"లేదు."

"అలాంటప్పుడు కొన్న ధర సున్నాయే కదా?"

పెద్దాయన గొంతు సవరించుకుని సెక్షన్ల నెంబర్లు మొదలుపెట్టాడు. ఆమె ఆపింది. "మీ జవాబు చదివాను సార్. ఆమెను చెప్పనివ్వండి."

నాకు సెక్షన్లు తెలియవు. గడుల కాగితం ఒకటి తీసి ఫోన్ ముందు పట్టుకున్నాను.

"మేడమ్, ఈ ఒక్కో గడీ ఒక్కో పోగు. ఇలాంటి అంచులు గీసి పరదేశంలో ఒకామెకిచ్చాను. డబ్బుకు బదులు ఆమె కాయిన్లిచ్చింది. ఆ రోజు వాటి విలువ ఎంతో, అంత పని ఇచ్చే తెచ్చుకున్నాను. అది నా సంపాదన అని ఆ ఏడాదే చెప్పి పన్ను కట్టాను. అప్పుడు కట్టమని చెప్పినవాళ్ళు కూడా లేరు. ఇప్పుడు దాన్ని సున్నా అంటే ఒకే పనికి నా దగ్గర రెండుసార్లు పన్ను తీసుకున్నట్టు కాదా?"

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

"మొదటి ఏడాది రిటర్నులో ఇది ఉంది, చూశాను" అంది చివరికి. "ఆ రోజు ధర ఎక్కడిది తీసుకున్నారు?"

"మూడు చోట్ల ధరల సగటు మేడమ్" అన్నాడు పెద్దాయన.

"సగటే ఎందుకు?"

"ఏది తీసుకోవాలో చట్టంలో లేదు మేడమ్. ఉంటే మీరు నన్నడిగేవాళ్ళు కాదు, నేనీ ఎండల్లో ఈ కోటు వేసుకునేవాణ్ణి కాదు."

ఆమె నవ్వింది. ముఖం లేని ఆఫీసులోంచి నవ్వు వస్తుందని నేననుకోలేదు. తరువాత గొంతు మారింది, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. "ఆ కాగితం ఇంకోసారి చూపించండి. ఆ పక్షి చిలకేనా? తోక అంత పొడుగుందేమిటి?"

"అంచు మలుపు దగ్గర ఖాళీ మిగులుతుంది మేడమ్. అది నింపడానికి తోక సాగదీశాను." చీర మడత విప్పి మలుపు దగ్గర చూపించాను.

"బాగుంది" అంది. ఇంకేదో అనబోయింది. అప్పుడే కరెంటు పోయింది, దాంతోపాటే నెట్టూ పోయింది. మాట మధ్యలో తెగిపోయింది.

పెద్దాయన చీకటి గదిలో కోటుతో అలాగే కూర్చున్నాడు. "ఆమె ఏం చెప్పబోయిందో!" అన్నాడు. తలుపు దగ్గరి నుంచి మామ, "చీర ధరెంతని అడగబోయినట్టుండాది" అన్నాడు. ఆ రోజు కరెంటు మళ్ళీ వచ్చేసరికి సమయం దాటిపోయింది. ఇంకో పిలుపు రాలేదు.

తరువాతి వారాలు గడవడం కష్టమైంది. మామ రోజూ, "వచ్చినాదా?" అని ఒక్క మాట అడిగేవాడు. లేదనేదాన్ని. ఒక మధ్యాహ్నం ఫోన్‌కు వాళ్ళ ఉత్తర్వు వచ్చింది. ఆ ఆఫీసు ఇంగ్లీషు నాకు అర్థం కాక, ఫోన్ పట్టుకుని ఎండలో పరిగెత్తాను. మేడమెట్ల మీదే పెద్దాయన ఎదురొచ్చాడు, ఆయనకూ వచ్చింది కాబోలు. "ఒప్పుకున్నారమ్మా! మనం రాసిన ధరే ఖాయం. ఒక్క రూపాయి కూడా మార్చల్యా" అన్నాడు. ఆ మెట్ల మీదే కూలబడ్డాను. కిందున్న జరీ అంగడాయన ఏమైందోనని సోడా పట్టుకొచ్చాడు.

"అంటే ఇంక చట్టం తేలిపోయినట్టే కదా సార్?" అన్నాను సోడా తాగాక.

"యాడిది! ఇది నీ ఒక్కదానికే. ఈమె ఒప్పుకునింది. రేపు ఇంకొకరికి ఇంకో ఆఫీసరు సున్నా అనొచ్చు. పెద్ద కోర్టు చెప్పేదాకా ఇట్లనే" అన్నాడు. బాధపడుతూ అన్నాడని మాత్రం చెప్పలేను.

కొత్త పెట్టె వచ్చింది. మగ్గం పైన దాన్ని బిగించడానికి హిందూపురం నుంచి మనుషులొచ్చారు. మామ వాళ్ళ చుట్టూ తిరుగుతూ మేకు కొట్టిన చోటల్లా చేత్తో తడిమి చూసుకున్నాడు. మొదటి చీర దిగిన రోజున పెద్దాయనను భోజనానికి పిలిచాం. ఇన్నేళ్ళలో ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు.

అవ్వ ఓళిగలు చేసింది. ఆయన ముందు ఆకు వేసి, నెయ్యి గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుంది. "దుడ్లు తీసుకోకుండా అంత రాసినావంట, నిజమేనా?" అని అడిగింది. ఈ ఒక్కదానికి నేను ఫీజు తీసుకోనని ఆయన ముందే చెప్పాడు.

"దుడ్లిచ్చేటోళ్ళు శానామంది ఉండారు అవ్వా. ఇట్లాంటి కేసు ఇచ్చేటోళ్ళు యాడ దొరుకుతారు?" అన్నాడు. అని, మిగిలిన సగం కాయిన్లను గురించి మొదలుపెట్టాడు. వాటిని ఇంకో రకం కాయిన్లకు మారిస్తే అది అమ్మకమా, కాదా? ఖాతా ఉన్న చోటు మూతపడితే అది నష్టమా, పోగొట్టుకోవడమా? ప్రశ్న ఒక్కటి చెప్పినప్పుడల్లా ఓళిగ ఒకటి మడిచి నెయ్యిలో ముంచుకున్నాడు. వాటిని అసలు ముట్టుకోవద్దనీ, కదిలిస్తే మాత్రం మొదట తనకే చెప్పమనీ నాతో అన్నాడు.

అవ్వ గోడకు ఆనుకుని నిద్రపోయింది. మామ చేయి కడుక్కుని పోయి మగ్గం మీద కూర్చున్నాడు. పెద్దాయనకు ఇంకొక ఓళిగ వడ్డించి, నేను వింటూ కూర్చున్నాను.